మిషిన్ సూడు

పోయిన నెల బోధన్ నుంచి ఫోను వచ్చింది. "మేడం, అక్క పోయింది" అన్నాడు ఆమె పక్కింటి ట్రాక్టరాయన. పొద్దున వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ కూలబడిందట. ఆస్పత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదట. ఫోను పెట్టేసి అలాగే కూర్చున్నాను. ముఖం గుర్తు తెచ్చుకోబోతే ముందు చేతులు గుర్తొచ్చాయి. పొట్టి వేళ్ళు, అరిగిన గోళ్ళు, ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ. ఏ కంప్యూటర్ మూత తీసినా ఆ చేతులు ముందు కిటికీ ఇనుప ఊచను పట్టుకునేవి.

"మన ఒంట్ల జర కరెంటు ఉంటది మేడం. మనకు తెల్వది. బోర్డుకు తెలుస్తది" అనేది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమె కంప్యూటర్ ల్యాబులో సహాయకురాలు. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె మాత్రం చివరిదాకా నన్ను మేడం అనే పిలిచింది. కంప్యూటర్ పాఠం చెప్పే సారు వేరే ఉండేవాడు, కానీ యంత్రం మొరాయిస్తే ఆయన కూడా ఆమె కోసమే ఎదురుచూసేవాడు. చదువు పదో తరగతి. మిగిలిందంతా విప్పి, బిగించి, చెడగొట్టి నేర్చుకున్నది.

ఆమెకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మూత తెరిచి ఉన్నంతసేపు చాయ్ ముట్టేది కాదు. మరలన్నీ గాజుల డబ్బాలో, ఒక్కో అరలో ఒక్కో రకం. బాగుచేసిన యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలు గుసగుసలాడితే చెయ్యి పైకెత్తేది. ఆ ఎత్తిన చేతిని చూసి నలభైమంది ఊపిరి బిగపట్టేవాళ్ళు. ఆమె చెక్క స్కేలు ఒక కొసను ఫ్యాను దగ్గర ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. ఆ విద్య వాళ్ళాయన నేర్పాడట. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు ఇనుప కడ్డీని చెవికి ఆనించుకుని, తిరిగే చక్రాల లోపలి జబ్బు కనిపెట్టేవాడట.

అంతా అయ్యాక బాగైందా అని అడిగితే ఎన్నడూ అవునని చెప్పలేదు. "ఇయ్యాల్టికైతే నడుస్తది" అనేది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన రైస్ మిల్లులో కుదిరాడు. మొదట చెరకు పిప్పి దుమ్ము, తర్వాత ఊక దుమ్ము. ఊపిరితిత్తులు చెడిపోయాయి. చివరికి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాల్సి వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టం ద్వారా ముక్కుకు అందించే యంత్రం అది. కరెంటు ఉంటేనే నడుస్తుంది. పగలూ రాత్రీ ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆమె ఉద్యోగం మానేసింది.

మానేసే రోజు ప్రిన్సిపాల్ గారు ఏమైనా కావాలా అని అడిగితే, స్టోరు గదిలో పారేసిన నాలుగు పాత కంప్యూటర్లు అడిగింది.

"ఏం చేస్తవమ్మా వాటితోని? అవి సచ్చినయి గదా."

"నాలుగు సచ్చినవాట్ల ఒకటి బతికింది ఉంటది సార్."

నేను ఆమెను బస్టాండు దాకా దింపడానికి వెళ్ళాను. దారిలో చెప్పింది. వాళ్ళాయనకు సినిమా అంటే ప్రాణం. బోధన్‌లో కొత్త బొమ్మ పడితే మొదటి రోజు చూడకుండా ఉండేవాడు కాదు. ఇప్పుడు గడప దాటడమే కష్టం. టీవీలో చూద్దామంటే మధ్యలో దగ్గు వస్తుంది. దగ్గు ఆగేసరికి కథ ముందుకు వెళ్ళిపోతుంది. ఏమైందో తెలియక ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. "దగ్గినప్పుడు ఆగాలె. తగ్గినంక మల్ల నడవాలె. గసుంటిది చేస్త" అంది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వెళ్ళి చూశాను. ఇల్లంటే ముందు గది, వెనక గది, ఆ వెనక దొడ్డి. ముందు గదిలో ఆయన మంచం, ఎదురుగా టీవీ, టీవీ కింద చెక్కపెట్టె. అదే ఆ కంప్యూటర్. వెనక గదిలో ఆక్సిజన్ మిషన్. అక్కడి నుంచి పొడుగాటి గొట్టం గుమ్మం దాటి ఆయన ముక్కు దాకా వచ్చేది. ఆయన పాత డిస్కుల సినిమాలన్నీ పెట్టెలోకి ఎక్కించింది. రిమోట్ మీద ఆపే మీటకు ఎర్ర బొట్టుబిళ్ళ అంటించింది, దగ్గులో కళ్ళు కనబడకపోయినా వేలికి తగిలేలా.

ఆమె పెట్టె మూత తీసి చూపించింది. హార్డ్ డిస్కును మరలతో బిగించలేదు. లంగాలకు వేసే ఎలాస్టిక్ నాలుగు వైపులా కట్టి ఉయ్యాలలా వేలాడదీసింది. చిన్న ఫ్యానులన్నీ పీకేసి, ఒకే పెద్ద ఫ్యాను పెట్టి నెమ్మదిగా తిరిగేలా చేసింది. మంచం పక్కన కూర్చున్నా దాని చప్పుడు వినిపించలేదు.

"ఇంత కష్టం ఎందుకక్కా? ఫ్యాన్ తిరిగితే తిరగనీ" అన్నాను.

ఆమె వెనక గదివైపు గడ్డం ఊపింది. "గా మిషిన్ సప్పుడు నాకు ఇనవడాలె మేడం. బుస్సుమంటది, ఆగుతది, బుస్సుమంటది. గా సప్పుడు తప్పితే నేను లేస్త. ఈ పెట్టె సప్పుడు జేస్తే గా మిషిన్ ఇనవడది."

అప్పుడు గమనించాను. సినిమా నడుస్తున్నంతసేపు ఆమె తెరవైపు చూడదు. గుమ్మం దగ్గర పీట వేసుకుని, కూరగాయలు తరుగుతూనో మినపప్పు ఏరుతూనో కూర్చుంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుంది. చేతిలో కత్తి ఆగిపోతుంది. రెండు బుస్సులు విన్నాక మళ్ళీ కత్తి కదులుతుంది. ఆ ఇంట్లో నేను ఎన్నిసార్లు కూర్చున్నా ఆ ఆగడం నాకు అలవాటు కాలేదు.

ఆయన మాత్రం సంతోషంగా ఉండేవాడు. ఒక్క వాక్యం చెప్పడానికి మూడుసార్లు గాలి పీల్చుకునేవాడు. "మా ఇంజినీరమ్మ... కట్టింది... థేటరు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఒక్కటే కొరత, టీవీ గొంతు పీలగా ఉందని. "బాంబు పేలితే... పటాకి లెక్క... ఇనవడ్తది మేడం."

పెద్ద స్పీకర్ పెడదామని నేను ఆమెతో అంటే ఒప్పుకోలేదు. "వద్దు మేడం" అంది. ఎందుకు వద్దో నాకు ముందే చెప్పింది. అయినా నా బుర్రకు ఎక్కలేదు. మంచం మీది మనిషికి ఉన్న ఒక్క ముచ్చట తీర్చకపోవడం ఆమె మొండితనం అనుకున్నాను.

ఎండాకాలం. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోని పెద్ద స్పీకర్ డబ్బాను గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఆమె వెనక దొడ్లో దుప్పట్లు ఉతుకుతోంది. ఆయన, నేను కళ్ళతోనే కూడబలుక్కున్నాం. స్పీకర్ తీసి టీవీ పక్కన పెట్టాను. దానికి ప్లగ్గు దొరకలేదు.

రెండు గదుల మధ్య గుమ్మం పక్కన ఇన్వర్టర్ బోర్డు ఉంది. కరెంటు పోయినా, ఫ్యాను, లైటు కాక, బ్యాటరీ మీద నడిచే బోర్డు అదొక్కటే. దానికి మూడే రంధ్రాలు. ఒకటి టీవీకి, ఒకటి కంప్యూటర్‌కు, ఒకటి ఆక్సిజన్ మిషన్‌కు. వెనక గది గోడకు ఇంకో ప్లగ్గు ఖాళీగా కనిపించింది. మిషన్ ప్లగ్గు తీసి అందులో పెట్టాను. మిషన్ ఒకసారి కీచుమని మళ్ళీ బుస్సుమంది. ఏ కరెంటైనా కరెంటే కదా అనుకున్నాను. ఖాళీ అయిన రంధ్రంలో స్పీకర్ పెట్టాను.

యుద్ధాల సినిమా పెట్టమన్నాడు. మొదటి ఫిరంగి పేలగానే కిటికీ రెక్కలు అదిరాయి. ఆమె తడిచేతులతో లోపలికి వచ్చింది. స్పీకర్‌ను చూసింది, నన్ను చూసింది. నోరు తెరవబోయింది. అంతలో ఆయన నవ్వాడు. చప్పట్లు కొట్టబోయి దమ్ము చాలక మంచం పట్టెను కొట్టాడు. "సూస్తివా... గిది... థేటరంటే!" ఆమె ఆ నవ్వును కొంతసేపు చూసింది. తిరిగి దొడ్లోకి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

కరెంటు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఫ్యాను ఆగలేదు, టీవీ ఆగలేదు, స్పీకర్ ఆగలేదు, అన్నీ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉన్నాయి. తెర మీద కోట తలుపులు బద్దలవుతున్నాయి. ఆయన మళ్ళీ మంచం పట్టెను కొడుతున్నాడు. సంతోషం పట్టలేక కొడుతున్నాడనుకున్నాను. నేను తెరవైపే చూస్తున్నాను.

దొడ్లో ఉన్న ఆమెకు పక్కింటి కూలర్ చప్పుడు ఆగడం వినిపించిందట. ఊళ్ళో కరెంటు పోతే ఎక్కడున్నా ముందు ఇంట్లోకి వచ్చి వినడం ఆమె అలవాటు. వచ్చింది. వింటే ఫిరంగులు తప్ప ఏమీ వినబడలేదు. నా ముందు నుంచి ఒక చెయ్యి వెళ్ళి స్పీకర్ తీగను లాగేసింది.

ఆ నిశ్శబ్దంలో వెనక గదిలోంచి కీ... అని మిషన్ అలారం ఒకటే ఆగకుండా మోగుతోంది. అప్పుడు ఆయనవైపు తిరిగాను. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. కళ్ళు పైకి పోతున్నాయి. చెయ్యి ఇంకా పట్టె మీద కొడుతోంది, చప్పుడు రాకుండా.

ఆమె అరవలేదు. మంచం కింది చిన్న ఆక్సిజన్ సిలిండర్ లాగి, మూత తిప్పి, ఆయన ముక్కుకు గొట్టం మార్చింది. మిషన్ ప్లగ్గును గోడ నుంచి పీకి ఇన్వర్టర్ బోర్డులో పెట్టింది. మిషన్ బుస్సుమంది. "మేడం, టీవీ బంద్ జెయ్యిండ్రి. ఫ్యాన్, లైట్, అన్ని బంద్. ఇంట్ల గా మిషిన్ ఒక్కటే నడవాలె." నేను గోడల వెంట పరుగెత్తి కనిపించిన మీటనల్లా ఆర్పాను. ఆమె ఆయన వీపు నిమురుతూ, "పీల్సు... ఇడువు... జల్ది వద్దు... పీల్సు" అంటోంది.

పెదవుల నలుపు మెల్లగా తగ్గింది. ఊపిరి పీల్చుకున్నాం అనుకునేలోపు ట్రాక్టరాయన తొంగిచూశాడు. "అక్కా, మలుపు కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. సాయంత్రం దాక రాదంటుండ్రు."

ఆమె ఇన్వర్టర్ వైపు చూసింది. ఎర్రలైటు వెలిగి ఆరుతోంది. పాత బ్యాటరీ. ఎండాకాలపు కరెంటు కోతలకు అప్పటికే అలిసిపోయింది, మిగిలింది నా స్పీకర్ తాగేసింది. సిలిండర్ ముల్లు కూడా అడుగుకు దిగింది. కొత్త సిలిండర్ సోమవారం రావాలి. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. దూరంగా ఇంకో రోగిని తీసుకుపోతోందట, ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు.

"తమ్మీ, నీ ట్రాక్టర్ వాకిట్లకు తేగలవా?"

"తెస్త అక్కా."

"ఇంజన్ బంద్ జెయ్యకు. బ్యాటరీ వైర్లు సుత తే."

ట్రాక్టర్ గడప దాకా వచ్చింది. దాని బ్యాటరీని ఇన్వర్టర్‌కు కలపాలి. కలపాలంటే ముందు పాత బ్యాటరీ విప్పాలి, లేకపోతే "సచ్చింది బతికిందాన్ని గూడ తాగుతది" అంది. విప్పితే ఇన్వర్టర్ ఆగుతుంది, మిషన్ ఆగుతుంది. ఆ మధ్యలో?

ఆమె టీవీ కింది చెక్కపెట్టె వెనక నుంచి కంప్యూటర్ యూపీఎస్‌ను బయటికి లాగింది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు సినిమా ఠక్కున ఆరిపోకుండా పెట్టిన చిన్న బ్యాటరీ డబ్బా అది. కంప్యూటర్ తీగ పీకేసి, దానికి ఆక్సిజన్ మిషన్ ప్లగ్గు పెట్టింది.

"గిది మోస్తదో మోయదో నాకు తెల్వది మేడం. మోస్తే మూడు నాలుగు నిమిషాలు. మీరు ఆయన మొకం జూడుండ్రి. పెదాలు నల్లగైతే చెప్పుండ్రి. ఇంకేం చెప్పొద్దు."

నేను ఆయన ముఖం చూశాను. అంత దగ్గరగా, అంతసేపు నేను ఎవరి ముఖమూ చూడలేదు. యూపీఎస్ మిషన్‌ను మోసింది. ఒక్కసారి మూలిగి, కీక్ కీక్ అనడం మొదలుపెట్టింది. ఆమె పానా తీసుకుంది. పాత బ్యాటరీకి మొదటి మర ఊడింది. రెండోది తుప్పు పట్టి కదల్లేదు. ఆమె ముక్కు కొస నుంచి చెమట చుక్క నేల మీద పడింది. కీక్ కీక్ దగ్గర దగ్గరగా వస్తోంది. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, "భయపడకుండ్రి" అన్నట్టు తల ఊపబోయాడు. ఆమె పానాను కాలితో తన్నింది. మర కదిలింది. ట్రాక్టర్ వైర్లు వచ్చి పట్టుకున్నాయి. ఇన్వర్టర్ మీద పచ్చలైటు వెలిగింది. ప్లగ్గు మార్చేసరికి యూపీఎస్ ఒక పొడుగాటి కూత పెట్టి ఆగిపోయింది.

ఆమె చెయ్యి పైకి లేచింది. ల్యాబులో లేచినట్టే. వాకిట్లో ఇంజన్ దడదడలాడుతున్నా, మేం ముగ్గురం ఊపిరి బిగపట్టాం. బుస్సు. ఆగింది. బుస్సు.

"నడుస్తది" అంది. ముందు ఇయ్యాల్టికైతే అని లేకుండా ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు.

కరెంటు వచ్చేదాకా ట్రాక్టర్ వాకిట్లో నడుస్తూనే ఉంది. పొద్దు వాలాక ఆమె ట్రాక్టరాయనను మంచం దగ్గర కూర్చోబెట్టి, నన్ను బస్సు దగ్గరికి దింపడానికి వీధి మలుపు దాకా వచ్చింది. నేను ఇక దాచుకోలేకపోయాను.

"అక్కా, ప్లగ్గు మార్చింది నేను."

"తెలుసు మేడం. గోడకు జూసినప్పుడే తెల్సింది."

"నన్ను తిట్టక్కా."

ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. "మీ మీద కోపం లేదని అబద్ధమెందుకు చెప్పాలె? ఉన్నది. నా మీద సుత ఉన్నది. స్పీకర్ జూసినప్పుడే ప్లగ్గు జూడాల్సింది. ఆయన నవ్వుడు జూసి మర్సిన." బస్సు వచ్చింది. "రెండు ఆదివారాలు రాకుండ్రి. మూడోది రాండ్రి."

ఆ రెండు ఆదివారాలు నేను ఏమీ చెయ్యలేకపోయాను. మూడో ఆదివారం వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, అయినా వెళ్ళాను. ఆమె ఏమీ జరగనట్టు లోపలికి రమ్మని, చెక్కపెట్టె ముందు కూర్చోబెట్టింది. మిషన్‌కు వేరే బోర్డు, దాని మీద ఎర్రరంగు. యూపీఎస్ ఇప్పుడు నేరుగా గోడ ప్లగ్గుకు, దాని నుంచి కంప్యూటర్‌లోకి ఇంకో సన్నటి తీగ. కరెంటు పోగానే యూపీఎస్ కంప్యూటర్‌కు ఆ సంగతి చెబుతుంది, కంప్యూటర్ సినిమా ఆపేసి తెర మీద అక్షరాలు చూపిస్తుంది. పదిహేను రోజులు ఫోన్లో చదివి, చదివింది తప్పై, మళ్ళీ చదివి నేర్చుకుందట.

"ఏం అక్షరాలు రాయాలెనో మీరు చెప్పుండ్రి. మీరు తెలుగు మేడం గదా."

నేను ఆలోచించి, "కరెంటు పోయింది. దయచేసి ఆక్సిజన్ యంత్రాన్ని పరిశీలించండి" అన్నాను.

"అంత సదివెతందుకు దమ్ముండాలె గద మేడం" అని, రెండే మాటలు కొట్టింది. *మిషిన్ సూడు*. తెర నిండా, నల్లటి దాని మీద తెల్లగా. మెయిన్ ఆపి చూశాం. ఫిరంగి గాలిలో ఆగిపోయింది. అక్షరాలు వచ్చాయి. ఆయన మంచం మీంచి పెద్దగా చదివి, "సూస్తున్న తియ్... ఇగ సినిమ పెట్టు" అన్నాడు. ఆ రోజు మిగతా సగం సినిమా చూశాం. కోట పడిపోయింది. స్పీకర్ ఉంది, తక్కువ గొంతుతో.

ఆయన ఆ తర్వాత ఒక వానాకాలం, సగం చలికాలం బతికాడు. ఆస్పత్రిలో పోయాడు. ఏ యంత్రం తప్పూ లేదు, ఊపిరితిత్తులే చాలించుకున్నాయి.

నెల మాసికం అయ్యాక ఆమె నిజామాబాద్ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడో నాకూ అలాంటి పెట్టె ఒకటి కట్టి ఇస్తానని మాటిచ్చింది. గాజుల డబ్బా, స్కేలు, ఎలాస్టిక్ తెచ్చుకుంది. వద్దక్కా ఇప్పుడెందుకు అంటే వినలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేల మీద కూర్చుని బిగించింది. అన్నం పెడితే మూత మూసే తింది. ఒక హాస్యం సినిమా పెట్టి, పని ఎలా ఉందో చూడమని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్క కుర్చీలో కూర్చుంది. గుమ్మం దగ్గర కాదు, తెరకు ఎదురుగా.

పదినిమిషాలు గడిచాయేమో. ఏదో అడుగుదామని తిరిగాను. ఆమె నిద్రపోతోంది. తల ఒక పక్కకు వాలి, నోరు కొద్దిగా తెరుచుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి. తెర మీద ఎవరో పళ్ళాలు బోర్లేస్తున్నారు, జనం గొల్లుమంటున్నారు. వీధిలో ఆటో హారన్ కొట్టింది. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు. ఎన్నేళ్ళ నిద్రో.

నేను లేవలేదు. కుర్చీ కిర్రుమంటుందని కాళ్ళు కూడా కదపలేదు. సినిమా చివరికొచ్చింది. పేర్లు పడుతున్నాయి. అది ఆగి గది నిశ్శబ్దమైతే ఆమె ఉలిక్కిపడి లేస్తుందని నాకు తెలుసు. రిమోట్ తీసుకుని, చప్పుడు తగ్గించకుండా, సినిమాను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.